పాచికకు యాది లేదు

దవఖాన వరండాలో ఉన్న బల్లకు ఒక కాలు పొట్టి. పోశం ఎటు ఒరిగితే అది అటు ఒరిగి టక్కుమంటుంది, టక్కుమన్నప్పుడల్లా లోపలి తలుపు తెరుచుకుందేమోనని ఆయన మెడ అటు తిరుగుతుంది, తలుపు మూసే ఉంటుంది. పచ్చరంగు వేసిన తలుపు, కింద చెదలు తిన్న తలుపు. దాని వెనుక తన ఒక్కగానొక్క బిడ్డ సరోజన ఆరోసారి నొప్పులు పడుతున్నది. తెల్లవారుజామున మందమర్రిలో బొగ్గు లారీ ఆపి, డ్రైవరు పక్కన కూర్చోబెట్టి మంచిర్యాలకు తెచ్చేటప్పుడు అరిచింది, గుంత వచ్చినప్పుడల్లా అరిచింది, దవఖాన మెట్ల మీద కూడా అరిచింది. ఇప్పుడు అరుపు లేదు. అరుపు లేకపోవడమే పోశంకు నచ్చడం లేదు. రోడ్డు అవతల కైలాసం చాయ హోటల్లో మాత్రం అరుపులే అరుపులు, నవ్వులే నవ్వులు, వాటన్నిటి మీద అల్లుడు మొగిలి గొంతు. రాత్రి షిఫ్టు చేసి బొగ్గుబాయి నుంచి పైకి వచ్చినవాళ్ళు ఏడెనిమిది మంది వాని వెంట వచ్చారు, మొహాలు కడుక్కున్నారు గానీ కండ్ల చుట్టూ బొగ్గు కాటుక పోలేదు. సరోజనను చూసిపోదామని వచ్చారా అంటే రాలేదు. పందెం చూడడానికి వచ్చారు. లోపల పుట్టేది మొగపిల్లవాడా ఆడపిల్లా అని పందెం కట్టుకున్నారు. పోశం నోట్లో ఉమ్మి ఊరింది, మింగాడు. ఇక్కడ ఉమ్మేస్తే అక్కడి దాకా పోదు.

ఆ పందెమన్నా తిన్నగా కుదిరిందా అంటే అదీ లేదు. అందరూ మొగపిల్లవాని మీదనే పెడతామన్నారు, ఆడపిల్ల మీద పెట్టేవాడు ఒక్కడూ దొరకలేదు. ఎదురు లేనిది పందెం ఎట్లా అవుతుంది. కడకు హోటలు కైలాసమే, గిరాకీని ఎందుకు చెడగొట్టుకోవాలని, నవ్వుకుంటూ ఆడపిల్ల పక్కన నిలబడ్డాడు, అదీ తనది ఒకటైతే వాళ్ళది రెండు అనే ఒప్పందం మీద. పోశం చాయ తాగుతుండగా ఆయన ముందరనే ఇదంతా జరిగింది.

"ఐదుగురు వరుసగ ఆడపిల్లలైనంక ఆరోది గుడ మొగోడు గాకుంటె ఇగ లోకంల నాయమే లేనట్టు," అన్నాడు ఒకడు.

"నాయం గాదుర భయ్, లెక్క," అన్నాడు మొగిలి. "లెక్క తప్పది."

ఇంకొకడు పోశం దిక్కు తిరిగాడు. "తాతా, నువ్వు ముప్పయ్యేండ్లు జాతర్లల్ల బల్ల నడిపినోనివి. ఏ బొమ్మ మీద పెట్టుమంటవ్ చెప్పు."

"ఆయన్నేందిర అడిగేది. బల్ల నడిపినోడు ఎన్నడన్న పెట్టిండా. పెట్టేది మనం, సంచిల ఏసుకునేది మా మామ," అన్నాడు మొగిలి. అందరూ నవ్వారు. కైలాసం కూడా నవ్వాడు. పోశం సగం చాయ వదిలిపెట్టి రోడ్డు దాటి వచ్చి ఈ పొట్టికాలు బల్ల మీద కూర్చున్నాడు. ఆ గ్లాసు వాని నెత్తి మీద కొట్టాల్సింది. కొట్టలేదు. నోరు లేని మనిషికి చేతులన్నా ఉండాలి, తనకు రెండూ లేకపాయె.

లెక్క అట. వానికి ఆ లెక్క నేర్పింది ఎవరు. ముప్పై ఏండ్లు భుజం మీద బల్ల, సంచిలో రేకు డబ్బా, డబ్బాలో పాచిక. శివరాత్రికి వేములవాడ, తర్వాత ధర్మపురి, పుష్యమాసం అమావాస్యకు కేస్లాపూర్, నడుమ ఏ ఊరి అంగడి అయితే ఆ ఊరి అంగడి. నైజాము సిక్కా పోయి కల్దారు వచ్చింది, కల్దారు పోయి నయాపైసలు వచ్చాయి, బల్ల మీద బొమ్మలు మాత్రం అవే ఆరు: జెండా, కిరీటం, ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు. పాచికకు ఆరు మొహాలు, ఒక్కో మొహానికి ఒక్కో బొమ్మ. డబ్బాలో గలగలలాడించి బల్ల మీద బోర్లిస్తే, పెట్టిన బొమ్మ పైకి వచ్చినవానికి నాలుగింతలు. బొమ్మలు ఆరుండగా ఇచ్చేది నాలుగింతలే ఎందుకని ముప్పై ఏండ్లలో ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. అందరూ అడిగేది ఒకటే, ఏ బొమ్మ రాక ఎన్నిసార్లయిందని. దానికి జవాబు చెప్పడానికే పలక.

ఆ పలక కతే వేరు. బల్ల పని నేర్పింది చాందా దిక్కు నుంచి వచ్చిన ఒక ముసలి మరాఠాయన, మెడలో తులసిమాల, నోట్లో ఎప్పుడూ తంబాకు. పోశం మూడేండ్లు బడికి పోయి మానేసినవాడు, ఇంట్లో పలక ఇంకా ఉందని తెలిసి ఆ ముసలాయన దాన్ని తెప్పించాడు. మీద ఆరు బొమ్మలు గీయించాడు. పాచిక పడ్డప్పుడల్లా పడ్డ బొమ్మ కింద ఒక గీత పెట్టుమన్నాడు, పలకను అందరికీ కనిపించేటట్టు గుంజకు వేలాడదీయుమన్నాడు. "జనం పలక చూస్తరు బాళా. పాచిక పలక చూడది. పాచికకు యాది లేదు." అంతే చెప్పాడు, అంతకంటే ఎక్కువ ఆయన ఎన్నడూ చెప్పలేదు. పోశంకు అది అర్థం కావడానికి ఒక జాతర పట్టింది. గీతలు నిండుగా ఉన్న బొమ్మ దిక్కు ఎవడూ పోడు. గీత లేని గడి మీద మాత్రం ఈగలు ముసిరినట్టు ముసురుతారు. జెండా రాక పదిసార్లయింది, ఇప్పుడు రాక ఎక్కడికి పోతుంది, అది మనకు బాకీ పడ్డది అంటారు. పాచిక ఎవనికి బాకీ పడుతుంది. గట్టి జిట్రేగి చెట్టు కర్ర ముక్క అది, మందమర్రి వడ్లాయన నలుదిక్కులా సమంగా కొలిచి చెక్కినది, దానిలో ఇంత సీసం లేదు, ఇంత వాలు లేదు. పదిసార్లు జెండా రాలేదన్న సంగతి దానికి ఎవరు చెప్పారు. పదకొండోసారి డబ్బాలోకి పోయినప్పుడు అది అప్పుడే పుట్టినట్టు పోతుంది. పోశం బల్ల నిజాయితీ బల్ల, అన్నీ రాసి చూపిస్తాడు అని పేరు వచ్చింది. నిజమే, ఒక్క మోసం లేదు. ఉన్న మోసమంతా ఎదుటివాని బుర్రలో ఉంది, తాను దాన్ని పెట్టనూ లేదు, తీయనూ లేదు, దానికి ఎదురుగా పలక పట్టుకొని నిలబడ్డాడు. అదే ఎక్కువ. ఒక అంగట్లో జైనూర్ దిక్కు గుట్టల మీది మనిషి ఎద్దును అమ్ముకొని వచ్చి, కళావరు రాలేదు కళావరు రాలేదు అని పొద్దుగుంకే దాకా కళావరు మీదనే పెట్టాడు, ఎద్దు మెడపట్టీ ఒక్కటే చేతిలో పట్టుకొని గుట్టల్లోకి నడిచిపోయాడు. వాని వీపు కనిపించినంత సేపు పోశం డబ్బా ఆడించలేదు. కనిపించకుండా పోగానే ఆడించాడు. పెండ్లాం దుర్గవ్వ బతికున్నన్ని రోజులు మొగుణ్ణి ఏమీ అనేది కాదు, పలకను తిట్టేది. దేవుని గూటి కాడ పెట్టనిచ్చేది కాదు, గొడ్లకొట్టంలో పెట్టించేది. ఆమెకు ఎట్లా తెలిసిందో.

కేస్లాపూర్ జాతరలోనే మొగిలి దొరికాడు. దొరికాడనే అనాలి, ఇప్పుడు పండ్లు కొరుక్కొని ఏమి లాభం. బొగ్గుబాయిలో కొత్తగా పనిలో కుదిరిన పిల్లవాడు, తెల్ల అంగీ, నూనె పెట్టిన క్రాపు. జెండా మీద పెట్టాడు, పోయింది, మళ్ళీ పెట్టాడు, పోయింది. పోయినకొద్దీ వాని మొహం వెలిగిపోతున్నది, పోవడమే గెలవడానికి దగ్గర పడ్డ గుర్తు అన్నట్టు. పద్నాలుగోసారి జెండా పడింది. వాడు ఎగిరాడు, పక్కవాణ్ణి కౌగిలించుకున్నాడు, నేను చెప్పలేదా నేను చెప్పలేదా అని బల్ల చుట్టూ తిరిగాడు. పోయిన పదమూడు ఆటలు ఏ గాలికి పోయాయో, వచ్చిన ఒక్కటే వాని ఒళ్ళంతా నిండింది. ఆ సంబురం చూసి, పోశమనే ముసలి గాడిద ఏమనుకున్నాడు. పిల్లవాడు మొండి ఘటం, కంపెనీ కొలువు, దిగులు తెలియని గుణం, నా బిడ్డ సుఖపడుతుందనుకున్నాడు. లోకంలో ఇంతమంది ఉండగా తన పలకను అందరికంటే ఎక్కువ నమ్మినవాణ్ణి వెతికి వెతికి బిడ్డను ఇచ్చాడు. ఎద్దు పోగొట్టుకున్నవాడు నయం, మెడపట్టీ అన్నా చేతిలో మిగిలి ఇంటికి పోయాడు.

బల్ల టక్కుమన్నది. తలుపు తెరుచుకోలేదు. లోపల ఏదో ఇనుప గిన్నె కింద పడిన చప్పుడు, ఎవరో ఎవరినో కసిరిన చప్పుడు. ఫినాయిలు వాసన, దాని కింద ఇంకేదో వాసన. ఎండ మెట్లెక్కి వరండా అంచు మీదికి వచ్చింది. వైశాఖం ఎండ, గోదావరిలో ఇసుక తప్ప నీళ్ళు లేని ఎండ. పందెంలో వాళ్ళు ఆమె పేరు కూడా అనలేదు. ఆరోది, ఆరోది అన్నారు. ఆరోది డబ్బాలోకి పోయింది, బోర్లిస్తే చూద్దాం. ఇక్కడ డబ్బా ఎవరు. తన బిడ్డ. ముప్పై ఏండ్లు నిండకముందే చెంపలు గుంటలు పడ్డ తన బిడ్డ.

మొదటి ఆడపిల్ల పుట్టినప్పుడు మొగిలి లడ్డూలు పంచాడు, రెండోసారికి బెల్లం పంచాడు, మూడోసారికి ఏమీ పంచలేదు. నాలుగోసారికి ఇంటి గోడ మీద బొగ్గుతో నాలుగు నిలువు గీతలు గీశాడు. గీసి మామకు చూపించాడు, చదువుకున్నవాడు పటం చూపించినట్టు. ఇగ చూడు మామా, ఎంత జమైతె అంత గట్టిగ పడ్తది అన్నాడు. ఆ రోజు పోశం బతుకులో ఒక్కసారి నోరు తెరిచాడు. "పాచికకు యాది లేదు అల్లుడా. ఎనుక నలుగురు ఆడపిల్లలున్నరని కడుపుల పిండానికి ఎవ్వలు చెప్పరు. ఎప్పటికప్పుడు చిత్తో బొత్తో, గంతే." మొగిలి నవ్వాడు, ఆ నవ్వు పోశంకు ఇప్పటికీ చెవిలో ఉంది. "గీ ముచ్చట కేస్లాపూర్‌ల నేను జెండా మీద పెట్టంగ ఎందుకు చెప్పకపోతివి మామా. అప్పుడు పలక చూపెట్టి ఇప్పుడు పలక అబద్ధమంటె ఎట్ల." దానికి జవాబు నాలుగు రోజులు వెతికినా దొరకలేదు, ఏడేండ్లు వెతికినా దొరకలేదు. నిజం చెప్పే హక్కు కూడా అమ్ముకున్నవాడు తాను, అణాకు అణా లెక్కన, జాతర జాతరకు. కోపం ఎవని మీద చూపించాలి, అల్లుని మీదికి ఎత్తినప్పుడల్లా అది వంగి వచ్చి తన గొంతుకే తగులుతుంది.

వానికి అన్నిటా అదే లెక్క. బాయి లోపల ఒకచోట కప్పు కూలి బండ పడితే, పడ్డకాడ మళ్ళీ పడదు, అదే అన్నిటికంటే భద్రమైన జాగ అని, దాని కిందనే సద్ది విప్పుకొని కూర్చుంటారు వీళ్ళంతా. బాయి ఏడాదికొక్కణ్ణి మింగుతుంది, ఈ ఏడాది మింగింది, ఇక మన జోలికి రాదు అంటారు. భూమి లోపల బండకు ఏడాది తెలుసా, ఎవడు ఎప్పుడు పోయాడో పేర్లు రాసి పెట్టుకుందా. నిరుడు అట్లా కూర్చున్నవాని మీదనే రెండో బండ పడింది, మొగిలి దోస్తు, కాలు తీసేశారు. అప్పుడన్నా కండ్లు తెరిచాడా. శుక్రవారం కొబ్బరికాయ కొట్టలేదు గనుక పడిందన్నాడు. గెలిస్తే తన లెక్క, ఓడితే కొబ్బరికాయ. ఇట్లాంటి బుర్రను ఏ సుత్తెతో పగలగొట్టాలి.

తలుపు కిర్రుమని ఆయా ఐలవ్వ బయటికి వచ్చింది, చేతిలో ఖాళీ కడవ. ఇరవై ఏండ్లుగా ఈ వరండాలో కూర్చునే మొగవాళ్ళను చూసీ చూసీ ఆమెకు ఎవరి మీదా మర్యాద లేదు.

"నువ్వు పిల్ల తండ్రివా పెద్దయ్యా. మొగడేడి?"

పోశం గదుమతో రోడ్డు అవతలికి చూపించాడు.

"ఓహో, గాళ్ళేనా. పొద్దుగాల సంది నన్ను మూడుసార్లు అడిగిండ్రు, ఏమన్న ఎర్కైందా అవ్వా అని. నేనేమన్న లోపలికి దూరి చూసివచ్చిన్నా." ఆమె కడవను నడుముకు మార్చుకుంది. "ఆరుగురు కొడుకులున్నదానికి కాన్పు జేసిన గీ చేతులతోని. ఏడోది బిడ్డనే కావాలె, ఇగ బిడ్డనే అయితది అని బంగారి గాజులు గుడ తెచ్చి పెట్టుకున్నది. ఏడో కొడుకు పుట్టిండు. గా గాజులు ఏం జేసిందో అడుగలె."

"నా బిడ్డకు ఎట్లున్నది అవ్వా?"

ఐలవ్వ నవ్వు మొహం మారింది. "డాక్టరమ్మ చెప్తది," అని నీళ్ళకు పోయింది. పోశం చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఐదో కాన్పుకు కూడా ఇదే వరండా, రెండు రోజులు నెత్తురు ఆగలేదు, సరోజన మొహం సున్నం కొట్టిన గోడలాగా అయింది. ఇల్లు చేరిన నెలకు తండ్రికి అన్నం పెడుతూ, పెద్దపిల్ల సారక్క నీళ్ళకు పోయిందాకా ఆగి, మెల్లగా అన్నది, బాపూ, ఇంకొకటంటే నేను ఉండనే. అంతే అన్నది. తల్లి నోరు రాలేదు ఆమెకు, తండ్రి నోరు వచ్చింది. తాను ఏమన్నాడు. పప్పు కలుపుకొని తిన్నాడు.

డాక్టరమ్మ వచ్చింది. కృష్ణా జిల్లా దిక్కు మనిషి, చిన్న వయసు, చేతులు మోచేతుల దాకా తడిగా ఉన్నాయి, వెనుక నర్సు చేతిలో కాగితాలు.

"మీరేనా నాన్నగారు? భర్త ఎక్కడండీ?"

"ఉన్నడు."

"బిడ్డ అడ్డం తిరిగింది. కడుపు కోసి తీయాలి, ఆలస్యమైతే ఇద్దరూ దక్కరు. ఇంకో మాట. కిందటిసారే చెప్పాను, ఇంకో కాన్పు వద్దని. మళ్ళీ కడుపొస్తే ఆమెను ఎవరూ ఆపలేరు. ఎలాగూ కోస్తున్నాను కాబట్టి ఇక పిల్లలు పుట్టకుండా ముడి వేసేస్తాను. అమ్మాయే అడిగింది, నా చెయ్యి పట్టుకుని అడిగింది. కాగితం మీద మాత్రం ఇంటివాళ్ళెవరైనా సంతకం పెట్టాలి. ఆయన్ని పిలవండి, త్వరగా."

పోశం లేచాడు. వరండా దిగి గేటు గోడ దాకా నడిచాడు. నలభై అడుగులు, అంతే, చెయ్యి ఊపితే చాలు వస్తాడు. పిలవాలనే వచ్చాడు, వాని పెళ్ళాం, వాని ఇల్లు, లోకం మర్యాద ప్రకారం పిలవాలి. చెయ్యి లేపబోతుండగా రోడ్డు అవతలి నుంచి మొగిలి గొంతు వచ్చింది, కైలాసంతో అంటున్నాడు: "ఒకవేళ ఇయ్యాల తప్పినా ఏడోది ఏడికి వోదు అన్నా. ఆరు జమైనంక ఏడోది అచ్చినట్టే. దాని మీద ఇప్పుడే రెండింతలు కడ్త, రాస్కో." పోశం చెయ్యి సగం లేచి సగంలోనే ఆగింది. ఏడోది. లోపల ఆరోది అడ్డం తిరిగి తల్లిని చంపుతుంటే వీడు ఏడోదాని మీద ఉన్నాడు. ఏడోది తప్పితే ఎనిమిదోది, ఎనిమిదోది తప్పితే తొమ్మిదోది, సరోజన గోరీ మీద కూర్చొని కూడా వీడు గీతలే లెక్కపెడతాడు. నెత్తురు చెవుల్లోకి ఎక్కి ఎండ నల్లబడింది. వీనికి చెప్పడం, అడగడం, ఒప్పించడం, ఇవన్నీ వినే మనిషితో చేసే పనులు. పోశం వెనుదిరిగాడు. ముసలి కాళ్ళు నడిచిన నడక కాదు అది.

"దొరకలే," అన్నాడు డాక్టరమ్మతో. "నేను పెడ్త దస్కతు."

"రెండింటికీనా?"

"రెండిటికి."

ఆమె నర్సుకు సైగ చేసింది. నర్సు కాగితాలను కిటికీ అరుగు మీద పెట్టి వేలితో చోటు చూపించింది. కలం పట్టుకోక ఎన్నేండ్లయిందో. పో అని రాశాడు, శం అని రాశాడు, శకారం తలకట్టు గట్టిగా ఒత్తడంతో కాగితం చిరిగింది. రెండు కాగితాల మీద రెండుసార్లు. మూడేండ్ల బడి తనకు ఆ రెండక్షరాలే మిగిల్చింది, ఇన్నాళ్ళకు అవి పనికి వచ్చాయి. తలుపు మూసుకుంది.

మళ్ళీ బల్ల మీద కూర్చోలేకపోయాడు. స్తంభానికి వీపు ఆనించి నిలబడ్డాడు. స్టేషన్ దిక్కు గూడ్సు బండి కూత పెట్టి కదిలింది, బొగ్గు డబ్బాల వరుస, గడగడ గడగడ, ఆ చప్పుడు చెవుల్లోంచి పోవడం లేదు. ఇప్పుడు కోస్తుంటారు. దుర్గవ్వా, నీ బిడ్డను చూసుకో. మొగపిల్లవాడైతే వీళ్ళు గెలిచామంటారు, వీళ్ళ మొహాల మీద ఆ సంబురం చూడాలి. ఆడపిల్ల కావాలి. ఆడపిల్లనే పుట్టాలి, మొగిలి మొహం మాడిపోవాలి, కైలాసం వాళ్ళ ముక్కు పిండి రెండింతలు తీసుకోవాలి, అప్పుడు చూడాలి వీళ్ళ లెక్క. ఆడపిల్లనే, ఆడపిల్లనే అని పిడికిలితో స్తంభాన్ని కొడుతున్నాడు. కొడుతూ కొడుతూ ఆగాడు. తాను చేస్తున్నదేమిటి. ముప్పై ఏండ్లు ఒక్క పైసా పెట్టనివాడు ఇప్పుడు బిడ్డ కడుపు మీద పెట్టాడు. బతకాలి అని కదా కోరుకోవాల్సింది, బతకాలి అని ఒక్కమాట మనసులోకి రాకముందే ఆడపిల్ల అన్న మాట వచ్చింది. హోటల్లో పందెం కట్టినవాళ్ళలో తానూ ఒకడు. అంత కోపంలోనూ సిగ్గు వచ్చింది, చెంపలు భగ్గుమన్నాయి. బతకాలి, బతకాలి, ఏదన్నా పుట్టనీ, ఏమీ పుట్టకపోనీ, అది బతకాలి.

ఏడుపు వినిపించింది. సన్నగా, గొంతు కీచుగా, ఆగి ఆగి. హోటల్లో మాటలు ఒక్కసారిగా ఆగిపోయాయి, బెంచీలు వెనక్కి జరిగిన చప్పుడు. ఐలవ్వ తలుపు సగం తెరిచి తల బయటపెట్టింది.

"నా బిడ్డ?" అన్నాడు పోశం.

"ఉన్నది పెద్దయ్యా. నెత్తురు మస్తు పోయింది గని ఉన్నది. కుడుతున్నరు." ఆమె గొంతు తగ్గించింది. "మనుమడు."

అప్పటికే మొగిలి గేటు దాటాడు, వెనుక అందరూ. ఐలవ్వ మాట వానికి వినిపించనే వినిపించింది. నేను చెప్పలేదా అన్నాడు, కేస్లాపూర్‌లో బల్ల చుట్టూ తిరిగినట్టే వరండాలో తిరిగాడు, ఒకణ్ణి కౌగిలించుకున్నాడు, ఇంకొకని వీపు చరిచాడు. వాళ్ళ వెనుక కైలాసం దిగులు మొహంతో గల్లాపెట్టె తాళం చెవి తడుముకుంటున్నాడు. లెక్క తప్పదని అందరూ ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. గెలిచినవానికి ఎవడు చెప్తాడు. ఓడినవానికన్నా కొబ్బరికాయ అడ్డం ఉంటుంది, గెలిచినవానికి లోకమంతా సాక్ష్యమే.

"చూసినవా మామా. పాచికకు యాది లేదంటివి. లేకుంటె ఎట్ల పడ్డది మరి," అన్నాడు మొగిలి. వాని కండ్లలో నీళ్ళు తిరిగాయి, నిజంగా సంబురపడుతున్నాడు, అదే ఇంకా మండిస్తున్నది. "ఇగ చెయ్యి తిరిగింది. ఒక్కసారి తిరిగిందంటె ఇగ వరుసబెట్టి గదే పడ్తది. ఒక కన్ను కన్ను గాదు, ఒక కొడుకు కొడుకు గాదు అన్నరు. వచ్చే యాడాది ఇంకోడు."

పోశం వాని మొహం చూశాడు. రాలేదు గనుక వస్తుంది అన్న నోటితోనే, వచ్చింది గనుక మళ్ళీ వస్తుంది అంటున్నాడు. మధ్యన ఊపిరి కూడా తీసుకోలేదు.

"ఇంకోడు రాడు," అన్నాడు.

"గట్లంటవేంది మామా, మంచిమాట అనక."

"రాడు. ముడి ఏయించిన. దస్కతు నాది."

వీపులు చరుచుకునే చేతులు ఆగాయి. మొగిలి పక్కవాని భుజం మీది చెయ్యి తీశాడు. "నన్నడుగకుంటనా?"

"అడుగుదామనే గోడ కాడికి వచ్చిన. నువ్వు ఏడోదాని మీద పందెం కడుతున్నవ్."

"నా పెళ్ళాం అది. నా ఇంటి ముచ్చట. నువ్వెవ్వనివి నడుమ?" మొగిలి మీదికి వచ్చాడు, పక్కనున్నవాళ్ళు రెక్క పట్టుకున్నారు. "జాతర్లల్ల జనం కొంపలు ముంచినోనివి, ఇయ్యాల నాకు నీతి చెప్పవడ్తివా?"

"ముంచిన. కాదంటలేను. గీ ఒక్కదాన్ని మునగనియ్య."

పోశం పచ్చ తలుపు తోసుకొని లోపలికి పోయాడు. మొగవాళ్ళు రావద్దని నర్సు అన్నది, ఆయన వినలేదు, ఆమె మళ్ళీ అనలేదు. ఎంత సేపు నిలబడ్డాడో తెలియదు, సరోజనను తెచ్చి కిటికీ పక్క మంచం మీద వేశారు. మొహంలో రంగు లేదు, పెదవులు పగిలాయి, జడ ఊడి దిండు మీద పరుచుకుంది. పోశం మంచం పక్కన గచ్చు మీద కూర్చున్నాడు. చాలాసేపటికి సరోజన రెప్పలు కదిలాయి.

"బాపూ. ఏమైంది?"

ఆమె అడిగేదేమిటో ఆయనకు తెలుసు. మత్తు దిగకముందే ఈ ప్రశ్న, కోసిన కడుపు మీద కుట్లు తడిగా ఉండగా ఈ ప్రశ్న, ఎవరు పెట్టారు ఈమె నోట్లో. పండ్ల నడుమ నుంచి చెప్పాడు. "పిలగాడు."

ఆమె సంబురపడుతుందేమో చూశాడు. సంబురపడలేదు. కండ్లు మూసుకొని అడిగింది, "ఇగనన్న ఇడ్సిపెడ్తడా నన్ను?"

పోశం మంచం దగ్గరికి జరిగాడు. "ఆయన ఇడ్సుడు లేదు, పట్టుడు లేదు. నేను దస్కతు పెట్టిన. ఇగ లేదు బిడ్డా," అన్నాడు.

"ఆయనకు ఎర్కేనా?"

"చెప్పిన."

"ఏమన్నడు?"

"ఏమంటే ఏంది."

కిటికీ బయట మొగిలి గొంతు పెద్దదయింది, ఎవరో వాణ్ణి సముదాయిస్తున్నారు. సరోజన ఆ దిక్కు చూడలేదు. దూప అయితున్నది బాపూ అన్నది. ఇప్పుడే నీళ్ళు తాగించొద్దు అని ఐలవ్వ అటు నుంచి పోతూ చెప్పి, ఒక గిన్నె, గుడ్డపేలిక ఇచ్చిపోయింది. పోశం పేలికను నీళ్ళలో ముంచి పిండి బిడ్డ పెదవుల మీద అద్దాడు. ఆమె నాలుకతో తడిని వెతుక్కుంది. బయటి గొంతు కిటికీ ఊచల దాకా వచ్చి మామా అని పిలిచింది, మళ్ళీ పిలిచింది. ఆయన తల తిప్పలేదు. పేలిక ఆరినప్పుడల్లా ముంచుతూ, పిండుతూ, అద్దుతూ కూర్చున్నాడు.